'కాలు' అనే మాట మూలం ఇంట్లనే పట్టుడు ఎట్ల

మాట మూలం కావాలంటే డిక్షనరీతోని మొదలు పెట్టకుండ్రి, ముందుగాల ఇంట్ల వినుండ్రి. 'కాలు' తీస్కుందాం. రెండ్రోజులు ఎవరు ఈ మాట అన్నా మొత్తం వాక్యం రాస్కోవాలె, ఒట్టి మాట రాస్తే లాభం లేదు. మంచం కాలు ఊగుతుంది, గడప దాటి కాలు పెట్టకు, కాలు కాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవేంది.

ఈ పిల్లి మాటల రెండు 'కాలు'లు ఉన్నయి. వీటిని విడదీసుడు అల్కనే, బహువచనం చేసి చూడాలె, 'కాళ్లు' అయితే అది ఒంటి కాలు, 'కాలింది, కాల్చిండు' అని మారితే అది మంట. పలుకు ఒకటే, మాటలు వేరు. 'కాలం' అయితే సంస్కృతం నుంచి వచ్చింది, దాన్ని కలపొద్దు.

ఇగ నాకు మస్తు ఇష్టమైన అర్థం, నాలుగో వంతు. మూడు కాళ్లుంటే ముక్కాలిపీట, నాలుగింట్ల మూడు వంతులైతే ముక్కాలు. పెద్దోళ్లు 'ముక్కాలు మువ్వీసం' అంటరు, వీసం అంటే పదహారో వంతు, మువ్వీసం అంటే మూడు వీసాలు, ముక్కాలుతోని కలిపి లెక్కేస్తే 15/16, అంటే దగ్గరదగ్గర మొత్తం అన్నట్టు.

ఇట్లాంటి అర్థం దొరికితే పక్క భాషల వెతకాలె, మన పాలమూరు దిక్కు దానికి దూరం పోనక్కర్లేదు. మక్తల్ల ఒక కిరాణ దుకాణంల ఒకామె కన్నడంల "కాలు కేజీ బేళె" అన్నది, సేటు పావుకిలో పప్పు జోకి ఇచ్చిండు. తమిళంల గూడ కాల్ అంటే పావు, ముక్కాల్ అంటే ముప్పావు. అంటే ఇది మనొక్కరిదే కాదు, ద్రావిడ భాషలది.

మరి మనం వాడే 'పావు' ఏంది? అదీ కాలే! సంస్కృతం 'పాదం' హిందీ, ఉర్దూల 'పావ్' అయి మన దగ్గరికొచ్చింది, నాలుగు కాళ్ల జంతువుకు ఒక కాలు నాలుగో వంతు కదా, అట్ల. 2011 జూన్ 30తోని చెల్లకుండ పోయిన పావలా గూడ గదే మాట. పిల్లలకు పేరు పెట్టేటప్పుడు చూసే నక్షత్ర పాదం గూడ నాలుగో వంతే, 27 నక్షత్రాలకు 108 పాదాలు.

ఇదంతా రాస్కున్నంకనే నిఘంటువు తెరవుండ్రి. మన వాడుకకు 1852ల మొదటిసారి అచ్చయిన బ్రౌన్ నిఘంటువు, చుట్టపు భాషలకు బర్రో, ఎమెనోలు చేసిన ద్రావిడ మాటల మూలాల నిఘంటువు, 1984 నాటి రెండో కూర్పు చూడుండ్రి. రెండూ చికాగో యూనివర్సిటీ సైట్ల ఫ్రీగా దొరుకుతయి.