రైలు పెట్టిన ఊరి చరిత్ర ఎలా తవ్వాలి: నెబ్రాస్కా ప్రెయిరీ నుంచి

మనవాళ్ళు ఒమాహా, లింకన్‌లో చాలామందే ఉంటున్నారు, డెన్వర్ వైపు డ్రైవ్ చేసేటప్పుడు ఇంటర్‌స్టేట్ 80 ఎక్కి ఎక్కడా ఆగకుండా వెళ్ళిపోతారు. ఒక్కసారి దక్షిణంగా పట్టాల పక్కన ఉన్న చిన్న రోడ్లు పట్టుకుని చూడండి. క్రీట్, డార్చెస్టర్, ఎక్సెటర్, ఫెయిర్‌మాంట్, గ్రాఫ్టన్, హార్వర్డ్, ఇన్‌లాండ్, జూనియాటా, కెనెసా, లోవెల్. ఇంగ్లీషులో మొదటి అక్షరాలు వరసగా చదివితే సీ నుంచి ఎల్ దాకా అక్షరమాల వస్తుంది. 1871, 72 ప్రాంతంలో బర్లింగ్టన్ అండ్ మిస్సోరీ రివర్ రైల్‌రోడ్ వాళ్ళు లింకన్ నుంచి కియర్నీ వైపు లైన్ వేస్తూ స్టేషన్లకి ఇలా పేర్లు పెట్టుకుంటూ పోయారు. అంటే జనం వచ్చి ఊరు కట్టుకున్నాక పేరు పెట్టలేదు, పేరు ముందు వచ్చింది, జనం తర్వాత వచ్చారు. ఇలాంటి ఊరి చరిత్ర తెలుసుకోవాలంటే మన ఊళ్ళలోలాగా గుడి దగ్గరో చెరువు దగ్గరో మొదలుపెడితే కుదరదు, డిపో, అంటే రైల్వే స్టేషన్ దగ్గర మొదలుపెట్టాలి.

ముందు ఊళ్ళో కారు ఆపి పట్టాల దాకా నడవండి. పట్టాల మీదకి మాత్రం వెళ్ళొద్దు, ఇది చాలా ఊళ్ళలో ఇప్పటికీ బీఎన్‌ఎస్‌ఎఫ్ అనే రైల్వే కంపెనీ మెయిన్ లైన్, గూడ్స్ బళ్ళు గట్టిగా తిరుగుతాయి, పైగా రైల్వే స్థలంలో అడుగుపెడితే ట్రెస్‌పాసింగ్ కింద లెక్క. క్రాసింగ్ బయటే నిలబడి మెయిన్ స్ట్రీట్ ఎటు పోతుందో చూడండి, ఇలాంటి చాలా ఊళ్ళలో అది పట్టాలకి అడ్డంగా ఇంగ్లీషు టీ అక్షరంలా ఉంటుంది, ఆ టీ కలిసే చోటే డిపో ఉండేది. ఎలివేటర్ అంటే ఇక్కడ లిఫ్ట్ కాదు, ధాన్యం నిలవచేసే ఎత్తైన గోదాం, అది పట్టాలని ఆనుకునే ఉంటుంది. కలప అడితి, పశువుల దొడ్డి కూడా అక్కడే ఉండేవి, ఎందుకంటే ఈ నేల మీద గడ్డి తప్ప చెట్టు లేదు, ఇల్లు కట్టుకునే చెక్క, పొయ్యిలోకి బొగ్గు అన్నీ రైల్లోనే దిగాలి. రైలు రాకముందు వచ్చినవాళ్ళు గడ్డివేళ్ళతో సహా మట్టిని ఇటుకల్లా కోసి ఇల్లు కట్టుకున్నారు. ఊరికీ ఊరికీ మధ్య దూరం కూడా మీటర్ చూసి రాసుకోండి, చాలాచోట్ల ఏడెనిమిది మైళ్ళు వస్తుంది, ఆవిరి ఇంజన్‌కి నీళ్ళు కావాలి, రైతు బండిలో గోధుమలు తెచ్చి పొద్దుగూకేలోపు ఇంటికి చేరాలి, ఆ రెండు లెక్కలూ కలిస్తే ఈ దూరం.

తర్వాత పని కోర్టుహౌస్‌లో. ఏ ఊరు ఏ కౌంటీలో, అంటే మన జిల్లా లాంటిదాంట్లో ఉందో ముందే చూసుకోండి, ఎక్సెటర్, ఫెయిర్‌మాంట్, గ్రాఫ్టన్ ఫిల్‌మోర్ కౌంటీ, హార్వర్డ్ క్లే కౌంటీ, జూనియాటా, కెనెసా ఆడమ్స్ కౌంటీ. అక్కడ రిజిస్టర్ ఆఫ్ డీడ్స్ ఆఫీసులో ఊరి ప్లాట్ అడగండి, అంటే వీధులు, స్థలాలు గీసిన మొదటి లేఅవుట్. మన రియల్ ఎస్టేట్ వెంచర్ బ్రోచర్ చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమైపోతుంది, నిజంగా అదే పని. రైల్వే పెద్దలతో సంబంధం ఉన్న సౌత్ ప్లాట్ ల్యాండ్ కంపెనీ (ఈ ప్లాట్ నది పేరు) లైన్ పొడవునా భూములు తీసుకుని ఊళ్ళకి ప్లాట్లు వేసి అమ్మింది. వెళ్ళేముందు ఫోన్ చెయ్యండి, చిన్న ఆఫీసులు, ఉన్న ఒకరిద్దరే అన్ని పనులూ చూస్తారు, భోజనాల వేళకి వెళ్తే కూర్చోవాల్సి వస్తుంది.

ఊరు చుట్టూ పొలాల సంగతి ఇంట్లో కూర్చునే చూడొచ్చు. ఫెడరల్ ప్రభుత్వ ల్యాండ్ ఆఫీస్ రికార్డులు ఆన్‌లైన్లో ఫ్రీ, టౌన్‌షిప్, రేంజ్, సెక్షన్ నంబర్లు కొడితే మొదటి పట్టా ఎవరి పేరున వచ్చిందో ఒరిజినల్ కాగితం ఫొటోతో సహా వస్తుంది. ఒక సెక్షన్ అంటే చదరపు మైలు, 640 ఎకరాలు, 36 సెక్షన్లు కలిస్తే ఒక టౌన్‌షిప్. పట్టాల దగ్గర బేసి నంబరు సెక్షన్లు రైల్వేకి గ్రాంటుగా పోయాయి, నెబ్రాస్కాలో ఈ కంపెనీకి వచ్చింది సుమారు 24 లక్షల ఎకరాలు. సరి నంబరువి హోమ్‌స్టెడ్ చేసేవాళ్ళకి, అంటే ప్రభుత్వ భూమిలో కాపురముండి సాగుచేసి సొంతం చేసుకునేవాళ్ళకి. ఇక్కడ చాలామంది తికమకపడతారు, 1862 చట్టంలో 160 ఎకరాలు కదా, ఇతనికి 80 మాత్రమే ఎందుకుంది అని. రైల్వే గ్రాంటు హద్దుల్లో ఆ రోజుల్లో మామూలు హోమ్‌స్టెడర్‌కి 80 ఎకరాలే ఇచ్చేవాళ్ళు, రైలు దగ్గర కాబట్టి నేల విలువ రెట్టింపు అని లెక్క. 1872లో సివిల్ వార్ సైనికులకి 160 దాకా వీలు కల్పించారు, కాబట్టి 80, 160 తేడా కనపడితే మనిషి సైనికుడేమో చూడండి, ఆ తీగ లాగితే పెన్షన్ ఫైల్ దాకా డొంకంతా కదులుతుంది.

ఈ భూమి పట్టా కాగితాలనే చరిత్రకి మొదటి పేజీ అనుకోవద్దు. ఈ నేల పానీ తెగవాళ్ళది. ప్లాట్ నదికి దక్షిణాన ఉన్న భూమిని 1833 ఒప్పందంలో వదులుకున్నారు, 1870ల్లో నెబ్రాస్కానే వదిలి ఇప్పటి ఓక్లహోమాకి పోవాల్సి వచ్చింది. చాలా ఊళ్ళ శతాబ్ది సావనీర్లలో ఖాళీ గడ్డిమైదానంలోకి రైలొచ్చింది అని మొదలుపెడతారు, మీరు రాసేటప్పుడు దయచేసి అలా రాయకండి.

అక్షరమాలలో ఇమడని ఊళ్ళని అస్సలు వదలొద్దు, అసలు కథలు అక్కడే ఉంటాయి. డార్చెస్టర్‌కీ ఎక్సెటర్‌కీ మధ్య ఫ్రెండ్ అని ఊరుంది, స్నేహితుడు అని కాదు, అక్కడ హోమ్‌స్టెడ్ చేసిన చార్లెస్ ఫ్రెండ్ ఇంటిపేరు అది. సట్టన్‌లో 1870ల్లో రష్యా నుంచి వచ్చిన జర్మన్లు దిగారు, నల్లసముద్రం పక్క స్టెప్పీల్లో గోధుమలు పండించిన చేతులు కాబట్టి ఈ మైదానం వాళ్ళకి కొత్తేం కాదు. హేస్టింగ్స్ అయితే రెండో రైలు, సెయింట్ జోసెఫ్ అండ్ డెన్వర్ సిటీ లైన్ వచ్చి 1872లో బర్లింగ్టన్‌ని దాటిన జంక్షన్. అంతకుముందే పక్కనున్న జూనియాటా కౌంటీ సీటు, అంటే జిల్లా కేంద్రం లాంటిది, కానీ ఒక రైలున్న ఊరు రెండు రైళ్ళున్న ఊరిముందు ఎన్నాళ్ళు నిలబడుతుంది, ఆ దశాబ్దం పూర్తికాకుండానే సీటు హేస్టింగ్స్‌కి పోయింది. లోవెల్ కూడా ఒకప్పుడు కౌంటీ సీటే, ఆ హోదా మిండెన్‌కి వెళ్ళాక ఊరే కరిగిపోయింది.

ఇక శాన్‌బోర్న్ మ్యాపులు. ఇవి అగ్నిప్రమాద బీమా కంపెనీల కోసం గీసినవి, కాస్త పెద్ద ఊళ్ళవి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్లో దొరుకుతాయి. నాకు అన్నిటికన్నా ఇవే ఇష్టం. జూమ్ చేస్తే ఒక్కో బిల్డింగు కనపడుతుంది, గులాబి రంగు అంటే ఇటుక, పసుపు అంటే చెక్క, నీలం అంటే రాయి, డీ అని ఉంటే ఇల్లు, ఎస్ అని ఉంటే కొట్టు. ఒకే ఊరివి ఐదారేళ్ళ తేడాతో రెండు మ్యాపులు పక్కపక్కన తెరిచి పెట్టుకోండి, పసుపు వరసంతా గులాబి అయిపోయిందంటే మధ్యలో ఏదో కాలిపోయి ఉండొచ్చు, లేదా ఊరికి డబ్బొచ్చి ఉండొచ్చు, ఏదో తేల్చడానికి పేపర్ తియ్యాలి. ఈ లైన్లోనే ఒక ఊళ్ళో నాకు డిపో ఫొటో ఒకటి ఇచ్చారు, వెనక పెన్సిల్‌తో తేదీ రాసి ఉంది, నేను దాన్ని నమ్మి అందరికీ పంపేశాను, తీరా మ్యాప్ చూస్తే ఆ ఏడాదికి ఫొటోలో ఉన్న ఎలివేటర్ ఇంకా కట్టనేలేదు. అప్పట్నుంచి ఫొటో వెనక రాతని మ్యాప్‌తో సరిచూడకుండా వాడను.

పాత పేపర్లు నెబ్రాస్కా యూనివర్సిటీ సైట్లో, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళ పాత పేపర్ల సేకరణ క్రానిక్లింగ్ అమెరికాలో ఉన్నాయి. సెర్చ్ బాక్స్ మీదే ఆధారపడొద్దు, పాత అచ్చు కదా, కంప్యూటర్ సగం పేర్లు తప్పు చదువుతుంది. ఒక ఏడాది ఎంచుకుని వారం వారం చదవండి, 1874 మిడతల దండు, 1888 జనవరి 12 మంచు తుఫాను లాంటి తేదీల చుట్టుపక్కల అయితే ఇంకా మంచిది. పెద్ద వార్తలకన్నా లోకల్స్ కాలమ్ ముఖ్యం, ఎవరు ఏ బండికి లింకన్ వెళ్ళారు, ఎవరింటికి చుట్టాలొచ్చారు, ఎన్ని వ్యాగన్ల మొక్కజొన్న లోడ్ అయింది. ఊరి గొప్పలు మాత్రం కాస్త తగ్గించి చదవండి, కొత్త ఊళ్ళో పేపరు బతకాలంటే స్థలాలు అమ్ముడుపోవాలి. రైలు టైములు చూసేటప్పుడు 1883 నవంబర్ 18 గుర్తుపెట్టుకోండి, రైల్వేలు స్టాండర్డ్ టైమ్ తెచ్చింది ఆ రోజే, అంతకుముందు ఊరి గడియారం వేరు రైలు గడియారం వేరు.

సెన్సస్‌లో 1880 ఉంది, 1890 కోసం వెతకొద్దు, దేశం మొత్తానివి చాలావరకు 1921 అగ్నిప్రమాదంలో దెబ్బతిన్నాయి, మిగిలినవి తర్వాత నాశనం చేశారు, దాని బదులు నెబ్రాస్కాకి 1885 స్టేట్ సెన్సస్ ఉంది. వృత్తి కాలమ్‌లో సెక్షన్ ఫోర్‌మన్ (పట్టాల్లో కొంత భాగాన్ని చూసుకునే కూలీల మేస్త్రీ), టెలిగ్రాఫ్ ఆపరేటర్, ఏజెంట్ అని ఉన్నవాళ్ళని విడిగా రాసుకోండి. రైల్వే కంపెనీ సొంత కాగితాలు కావాలంటే చికాగోలో న్యూబెరీ లైబ్రరీ, బర్లింగ్టన్ రికార్డులు అక్కడ ఉన్నాయి, ఉత్తరాలు, భూముల అమ్మకాలు, బోలెడు. అది ఒక్కరోజులో అయ్యే పని కాదు, ముందు కేటలాగ్ చూసి బాక్స్ నంబర్లు రాసుకుని వెళ్ళండి.

వీటన్నిటికన్నా ముందు చెయ్యాల్సింది పెద్దవాళ్ళతో మాట్లాడటం, కాగితం రేపు కూడా ఉంటుంది. ఎలివేటర్ దగ్గర కోఆప్‌లో, అంటే రైతుల సహకార సంఘంలో, పొద్దున్నే కాఫీకి చేరేవాళ్ళని పలకరించండి, మీరు ఎక్కడి నుంచి వచ్చారని ముందు వాళ్ళే అడుగుతారు, మన ఊరి గురించి రెండు మాటలు చెప్తే వాళ్ళ ఊరి గురించి ఇరవై చెప్తారు. ఊరు ఎందుకు చిక్కిపోయింది అని సూటిగా అడగొద్దు, అది వాళ్ళ ఇల్లు. డిపో కిటికీలో ఏం కనపడేది, మెయిల్ బండి ఎన్నింటికి వచ్చేది, ఆఖరిసారి రైలెక్కి ఎక్కడికెళ్ళారు అని అడగండి. సెక్షన్ ఫోర్‌మన్ కోడలు ఒక పెద్దావిడ నాకు మామగారి లాంతరు చూపించింది, ఎర్ర గాజు ఒక మూల పగిలి ఉంది, ఆయన మంచులో పట్టాలు చూడ్డానికి వెళ్ళిన రాత్రి అత్తగారు అది తిరిగొచ్చేదాకా వంటింటి దీపం ఆర్పేది కాదట. ఫోన్లో రికార్డ్ చేసేముందు పర్మిషన్ అడగండి, ఇంటికి రాగానే ఫైల్‌కి తేదీ, ఊరు, చెప్పినవాళ్ళ పేరు పెట్టండి, ఒక కాపీ ఆ కుటుంబానికి, ఒకటి ఆ ఊరి లైబ్రరీకి ఇచ్చి రండి.