వైజాగ్ ఒక్కరోజు టూర్ బస్సెక్కే ముందు

ముందు ఏ వారమో చూసుకోండి. సోమవారం కురుసుర జలాంతర్గామి మ్యూజియానికి సెలవు. పోయినేడు మా మరిదివాళ్లు సరిగ్గా ఆ రోజే దిగి, గేటు బయట ఫొటోలు తీసుకుని వెళ్లారు పాపం.

డబ్బు కట్టే ముందు టికెట్‌లో ఏమేం కలిశాయో అడగండి: ఎంట్రీ ఫీజులు, భోజనం, కైలాసగిరి రోప్‌వే. "అన్నీ ఉన్నాయండి" అంటే సరిపోదు, వాట్సాప్‌లో రాయించుకోండి.

సింహాచలం కూడా ఉంటే దర్శనానికి ఎంత టైమిస్తారో కనుక్కోండి. క్యూ మన బస్సు కోసం తొందరపడదు కదా! అక్షయ తృతీయనాడు చందనోత్సవం. ఆ రోజు టూర్ మాటే మర్చిపోండి.

జలాంతర్గామి లోపల ఇరుకు. గుండ్రటి తలుపుల్లోంచి తల వంచి, ఒక కాలు ముందు వేసి దూరాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు బయటే కూర్చోవడం మేలు. చీరతో కాస్త కష్టమే, చుడీదార్ హాయి.

తొట్లకొండ బౌద్ధ శిథిలాల దగ్గర ఎండ దంచేస్తుంది. టోపీ, నీళ్లు, జారని చెప్పులు.

ఆర్కే బీచ్‌లో పాదాలు తడిస్తే చాలు, స్నానానికి దిగొద్దు. కెరటం వెనక్కి వెళ్తూ కాళ్ల కింద ఇసుకతో సహా లాగేస్తుంది.

గైడ్ ఫోన్ నంబరు రాసుకోండి. బస్సు నంబరు ప్లేటు ఫొటో కూడా. పార్కింగ్‌లో అన్ని బస్సులూ ఒకేలా ఉంటాయి.