తక్కువ కార్బ్ ఆహారం కొనేముందు లేబుల్ చదవడం ఎలా

మధుమేహం ఉన్నవారు ప్యాకెట్ ముందుభాగంలో పెద్ద అక్షరాలతో కనిపించే ‘తక్కువ కార్బ్’ (అంటే తక్కువ పిండిపదార్థాలు) అన్న మాటను పక్కనపెట్టి, వెనుకనున్న పోషకాల పట్టికతో మొదలుపెట్టడం మంచిది. అందులో ముందుగా చూడవలసింది ఆ అంకెలు ఎంత పరిమాణానికి ఇచ్చారన్నది. 30 గ్రాములకు 6 గ్రాముల పిండిపదార్థాలని రాసి ఉంటే, 90 గ్రాముల ప్యాకెట్టంతా తినేవారికి అందేది 18 గ్రాములు.

‘నెట్ కార్బ్స్’ అంకెను మొత్తం పిండిపదార్థాల నుంచి పీచును, షుగర్ ఆల్కహాల్స్‌ను (చక్కెరకు బదులు వాడే ఒక రకం తీపి పదార్థాలు) తీసివేసి చూపుతారు గానీ, ఈ తీసివేతను అన్నివేళలా నమ్మలేము. షుగర్ ఆల్కహాల్స్‌లో ఒకటైన ఎరిథ్రిటాల్ రక్తంలో చక్కెరను దాదాపుగా పెంచదు. మాల్టిటాల్ మాత్రం చెప్పుకోదగినంతగానే పెంచుతుంది, పైగా మోతాదు మించితే కడుపు ఉబ్బరం, విరేచనాలు తప్పకపోవచ్చు. అందుచేత పదార్థాల జాబితాలో మాల్టిటాల్ కనిపిస్తే మొత్తం పిండిపదార్థాల అంకెనే లెక్కలోకి తీసుకోవడం క్షేమం. సందేహం మిగిలితే, తినేముందు ఒకసారి, తిన్న 2 గంటల తర్వాత మరొకసారి గ్లూకోమీటర్‌తో పరీక్షించుకోవాలి. సంతృప్త కొవ్వు, ఉప్పు ఎంతున్నాయో కూడా చూడాలి.

ఇన్సులిన్ లేదా, శరీరంలో ఇన్సులిన్ విడుదలను పెంచే సల్ఫొనైల్‌యూరియా మాత్రలు వాడేవారు పిండిపదార్థాలను ఒక్కసారిగా తగ్గిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు కనుక, ముందే వైద్యునితో మాట్లాడి మోతాదు సరిచూసుకోవాలి. అలా పడిపోయినప్పుడు చక్కెరకు బదులు షుగర్ ఆల్కహాల్స్ వేసిన తీపి పదార్థాలు పనికిరావు; వెంటనే 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని, 15 నిమిషాల తర్వాత మళ్లీ పరీక్షించుకోవాలి.