పాత ఇంటి మరమ్మతుకు ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

ఇంటిల్లిపాదీ పనిలోకి దిగే ముందు, కరెంటు మెయిన్ స్విచ్, నీటి వాల్వు ఎక్కడున్నాయో అందరికీ చూపించాలి. ఒక గది ఫ్యూజు తీసేశాక కూడా, పాత ఇళ్లలో మరో లైను నుంచి కరెంటు రావచ్చు కనుక, టెస్టర్‌తో చూశాకే తీగ ముట్టుకోవాలి.

పాత రంగు పొరల్లో సీసం ఉండే అవకాశం ఉన్నందున, వాటిని పొడిగా గీకకుండా, నీళ్లు చల్లి తడిపి, సన్నని ధూళిని ఆపగల మాస్కు పెట్టుకునే గీకాలి. ఆ సమయంలో పిల్లలు, గర్భిణులు ఇంట్లో ఉండకూడదు. రాలిన పెచ్చులను చీపురుతో ఊడిస్తే ధూళి లేస్తుంది, తడిగుడ్డతో ఎత్తాలి. ఆస్బెస్టాస్ రేకుల జోలికి అసలు పోవద్దు.

గోడ పైకప్పు బరువు మోస్తున్నదో లేదో ఇంజినీరు తేల్చేదాకా సుత్తి ఎత్తకూడదు. బావమరిది ధీమా అందుకు చాలదు.

నిచ్చెన కింది కొసను 4 అడుగుల ఎత్తుకు 1 అడుగు చొప్పున గోడకు ఎడంగా నిలపాలి.