మున్నేరులో కయాక్ దించేముందు ఇవి చూస్కోండి

విజయవాడ నుంచి పొద్దున్నే కీసర వైపు బండికి కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) కట్టుకుని బయల్దేరేవాళ్లు ఇక్కడ ఎండ కాస్తోందిలే అని ధీమాగా ఉండొద్దు, పైన ఖమ్మం వైపు రాత్రి వాన పడిందేమో కనుక్కోండి, ఆ నీళ్లన్నీ దిగొచ్చేది మున్నేరులోకే కదా. నీళ్లు ఎర్రబడి పుల్లాపుడకా కొట్టుకొస్తుంటే ఆ రోజుకి వదిలేయండి.

లైఫ్ జాకెట్ బెల్టులు బిగించాక భుజాల దగ్గర పట్టి పైకి లాగమనండి, చెవుల దాకా లేచిందంటే వదులున్నట్టే. హెల్మెట్ కూడా, మర్చిపోవద్దు.

అన్నిటికంటే ముఖ్యం, పడవ తిరగబడితే వడి నీళ్లలో లేచి నిలబడకండి ప్లీజ్. కాలు రాళ్ల సందులో ఇరుక్కుంటే వెనకనుంచి నీళ్లు తోసి బోర్లా పడేస్తాయి, మోకాలి లోతు చాలు. వెల్లకిలా తేలుతూ కాళ్లు నీళ్లు పోయేవైపు పెట్టి, నెమ్మదిగా ఉన్న ఒడ్డుకి చేతుల్తో ఈదుకుంటూ రండి.

అడ్డంగా పడ్డ తుమ్మచెట్టు, చేపల వల కనిపిస్తే దూరం నుంచే తప్పుకోండి, నాకైతే రాళ్లకన్నా వీటి భయమే ఎక్కువ, నీళ్లు దూరిపోతాయి గానీ మనిషి అక్కడే ఇరుక్కుంటాడు.

ఆనకట్ట వస్తే దిగి గట్టు మీద మోసుకెళ్లడమే, గోడ చిన్నగా ఉన్నా కింద నీళ్లు సుడి తిరిగి మళ్లీ గోడకే లాగుతాయి.

ఒంటరిగా వద్దు. ఎన్నింటికి ఒడ్డెక్కుతారో ఇంట్లో చెప్పి వెళ్లండి.