స్టేషన్ పార్కింగ్‌లో కార్డు మొరాయిస్తే: ఎక్కడ చూడాలి, ఏం చేయాలి

రైలెక్కే స్మార్ట్‌కార్డుతోనే పార్కింగ్ డబ్బులూ కట్టే చోట్ల ఫిర్యాదులన్నీ రెండు ముక్కల్లో వినిపిస్తాయి. ఒకటి, కార్డు పనిచేయలేదు. రెండు, డబ్బులు ఎక్కువ కోశారు. కారణాలు మాత్రం ఒక్కచోట ఉండవు. కార్డు మూలన ఉండొచ్చు, రోడ్డు కింద పాతిన తీగలో ఉండొచ్చు, సర్వర్ గడియారంలోనూ ఉండొచ్చు. రోజూ బండి పెట్టి రైలెక్కేవాళ్లకూ, ఆ పార్కింగ్ నడిపేవాళ్లకూ పనికొచ్చేలా రాస్తున్నాను.

కార్డు పెట్టినా రీడర్‌లో ఉలుకూ పలుకూ లేదు

ముందు రీడర్ మీద లైటు చూడండి. లైటే వెలగకపోతే తప్పు కార్డుది కాకపోవచ్చు. చాలా గేట్ల దగ్గర బండి వచ్చి నిలబడిందని తెలిస్తేనే రీడర్ మేలుకుంటుంది. ఆ సంగతి దానికి చెప్పేది రోడ్డు కింద ఉన్న తీగ చుట్ట. గేటు ముందు నేల మీద నల్లటి గీతలు పెట్టెలా కనిపిస్తాయి చూడండి, రోడ్డును సన్నగా కోసి తీగ పెట్టి పూడ్చిన గుర్తులవి. కారు వచ్చి ఆగితే ఆ తీగకు వెంటనే తెలుస్తుంది. టూవీలర్ పెట్టె మధ్యలో నిలబడితే మాత్రం తెలియకపోవచ్చు, అందులో ఉండే లోహం తక్కువ కాబట్టి.

పరిష్కారం చిన్నదే. రెండు చక్రాలూ ఆ గీత మీదే ఉండేలా బండిని జరపండి. పార్కింగ్ నడిపేవాళ్లు ఆ తీగకు కలిపిన డిటెక్టర్ సెన్సిటివిటీ పెంచాలి, లేదా టూవీలర్లకు వేరే దారి ఇవ్వాలి. రోజూ వచ్చే మనిషి ప్రతి ఉదయం దిగి బండిని వెనక్కీ ముందుకీ నెట్టుకోవాల్సి రావడం ఏ రకంగానూ న్యాయం కాదు.

లైటు వెలుగుతున్నా బీప్ రాకపోతే అప్పుడు కార్డును అనుమానించాలి. కార్డులో బ్యాటరీ ఉండదు. రీడర్ 13.56 మెగాహెర్ట్జ్ దగ్గర పుట్టించే అయస్కాంత క్షేత్రం నుంచే చిప్‌కు కరెంటు అందుతుంది. దాన్ని పట్టుకునేది కార్డు లోపల అంచుల వెంబడి చుట్టిన వెంట్రుక లాంటి తీగ. పనిచేయడం లేదంటూ ఒకాయన తెచ్చిన కార్డును వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూశాను. మెడలో వేసుకునే తాడు కోసం మూలన చక్కగా రంధ్రం పొడిచి ఉంది. సరిగ్గా తీగ వెళ్లే దారిలో! ఇక దాన్ని ఎంత తుడిచినా లాభం లేదు. కొత్త కార్డు తీసుకోవడమే. పాత బ్యాలెన్స్ తిరిగి రావాలంటే మాత్రం కార్డు ముందే మీ పేరు మీద రిజిస్టర్ అయి ఉండాలి, కాబట్టి ఆ పని ఈరోజే చేసుకోండి.

పర్సు మొత్తం తెచ్చి రీడర్‌కు ఆనించే అలవాటు ఉంటే మానేయండి. లోపల రెండు కార్డులుంటే రీడర్ రెండింటినీ వద్దనొచ్చు. అది నయం. మీరు అనుకోని బ్యాంకు కార్డు మీద డబ్బులు పడితే అసలు తలనొప్పి అప్పుడు మొదలవుతుంది.

రైలెక్కినా పార్కింగ్ రాయితీ పడలేదు

స్టేషన్ పార్కింగ్ ప్రయాణికులదే. అందుకే రైలెక్కినవాళ్లకు ఒక రేటు, ఎక్కనివాళ్లకు ఒక రేటు పెడతారు. సిడ్నీలో గేట్లున్న పార్క్ అండ్ రైడ్ (బండి పెట్టి రైలెక్కే) స్థలాల్లో, అక్కడి రవాణా కార్డు ఓపల్‌తో ప్రయాణం చేసినవాళ్లకు 18 గంటల వరకు ఉచితం. శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతపు బార్ట్ రైళ్లవాళ్లు ఒకప్పుడు ఇంకో దారి పట్టారు. బండి పెట్టిన గడి నంబరును టికెట్ గేటు దాటి లోపలికెళ్లాకే యంత్రంలో నొక్కే పద్ధతి పెట్టారు. లోపలికి రావాలంటే ప్రయాణికుడై ఉండాలి కదా. ఏ పద్ధతైనా కీలకం ఒక్కటే: బండి గేటు దగ్గర తాకిన మనిషీ, రైలు గేటు దగ్గర తాకిన మనిషీ ఒక్కరేనని సిస్టమ్‌కు తెలియాలి. అది తెలియకపోవడానికి ప్రధానంగా మూడు కారణాలు కనిపిస్తాయి.

మొదటిది, రెండు చోట్ల రెండు వస్తువులు తాకించడం. కారులోంచి ఫోన్ చూపించి, రైలు దగ్గర కార్డు తీస్తారు. రెండూ ఒకే బ్యాంకు ఖాతావే కదా అనుకుంటాం. కానీ ఫోన్‌లో వేసుకున్న కార్డుకు ఆ ఫోన్‌కే చెందిన వేరే నంబరు ఉంటుంది, వాచీకి మరోటి. రీడర్ దృష్టిలో వాళ్లు ముగ్గురు మనుషులు. ఉదయం బండి గేటు దగ్గర ఏది తాకించారో, సాయంత్రం బయటికొచ్చే దాకా అదే వాడండి.

రెండోది గడియారం. ఒక స్టేషన్‌లో రాయితీ పడని ఎంట్రీలను వరసగా పక్కపక్కన పెట్టి చూశాను. పార్కింగ్‌లోకి వచ్చింది 8:04కి, రైలు గేటు దాటింది 8:01కి! అంటే రైలెక్కాక బండి పెట్టినట్టు. పార్కింగ్ రీడర్ గడియారం కొన్ని నిమిషాలు ముందు నడుస్తోంది, అంతే. సిస్టమ్ మాత్రం ఇతను ప్రయాణికుడు కాడని తేల్చి పూర్తి రేటు కోసింది. ఇక్కడ ప్రయాణికుడు చేయగలిగింది ఏమీ లేదు. నడిపేవాళ్లు అన్ని రీడర్లకూ ఒకే సర్వర్ నుంచి సమయం అందించాలి, పోల్చేటప్పుడు కొన్ని నిమిషాల తేడాను మన్నించాలి.

మూడోది ఆలస్యం. నెట్‌వర్క్ లేనప్పుడు రైలు గేటు తన లెక్కలను దాచుకుని తర్వాత పంపుతుంది. ఈలోపు మీరు బయటికొచ్చేస్తే ప్రయాణం చేసినట్టు పార్కింగ్ గేటుకు తెలియదు. గేటు దగ్గర వాదించి ప్రయోజనం ఉండదు. డబ్బులు కట్టి, మర్నాడు ఖాతా చూసుకోండి, ఎక్కువ కట్టింది తిరిగి రాకపోతే ఫిర్యాదు పెట్టండి. నన్నడిగితే ఈ వాపసు ఎవరూ అడగకుండానే జరగాలి. ఆలస్యంగా లెక్క చేరిందని సిస్టమ్‌కు తెలుసు, ప్రయాణికుడికి తెలియదు.

ఒక్క రాత్రి ఆలస్యమైతే రెండు రోజుల డబ్బులు

కారణం: రోజు అర్ధరాత్రి 12కి మారుతోంది, చివరి రైలు మాత్రం ఆ తర్వాత వస్తోంది. పరిష్కారం: రోజును తెల్లవారుజామున మార్చడం. ఓపల్ కార్డు ఛార్జీల లెక్కలో రోజు ఉదయం 4 గంటలకు మొదలవుతుంది. పార్కింగ్‌కూ అదే వర్తింపజేయడం కష్టమేమీ కాదు.

బయటికొచ్చేటప్పుడు బ్యాలెన్స్ చాలదంటోంది

మధ్యాహ్నమే ఆన్‌లైన్‌లో రీచార్జ్ చేశాను, అయినా లేదంటోంది అనేవాళ్లు చాలామంది. బ్యాలెన్స్ కార్డు చిప్‌లోనే ఉండే పద్ధతిలో, ఆన్‌లైన్‌లో వేసిన డబ్బు ఏదో ఒక రీడర్ దగ్గర తాకించినప్పుడే కార్డులోకి ఎక్కుతుంది. ఆ రీడర్‌కు కూడా ముందుగా కబురు అంది ఉండాలి. పార్కింగ్ గేటుకు కబురు ఆలస్యంగా అందితే స్టేషన్ లోపలి రీచార్జ్ యంత్రం దగ్గర తాకించి రండి.

అంతకంటే మేలైన పరిష్కారం నడిపేవాళ్ల చేతిలో ఉంది. హాంకాంగ్ ఆక్టోపస్ కార్డులో కొంత మేరకు మైనస్‌లోకి వెళ్లనిస్తారు, తర్వాత రీచార్జ్‌లో సర్దుకుంటుంది. పార్కింగ్ గేటు దగ్గర ఇది ఇంకా అవసరం. రైలు గేటు దగ్గర బ్యాలెన్స్ లేకపోతే ఒక మనిషి పక్కకు జరుగుతాడు. ఇక్కడ ఒక కారు ఆగితే వెనక సాయంత్రం రైలు దిగినవాళ్ల బండ్లన్నీ ఆగిపోతాయి.

ఎంట్రీయే లేదని పెద్ద మొత్తం కోసింది

ఉదయం గేటు లేవగానే ముందు కారును అంటిపెట్టుకుని లోపలికి వచ్చేసి ఉంటారు. లేదా చిప్‌లో రాయడం పూర్తయ్యేలోపే చెయ్యి వెనక్కి తీసుకుని ఉంటారు. బీప్ వచ్చేదాకా కార్డును కదపకండి. మధ్యలో తెగిందని అనిపిస్తే మళ్లీ అదే కార్డు పెట్టండి, వేరేది తీయకండి. సరిగ్గా రాసిన సాఫ్ట్‌వేర్ సగంలో ఆగిన పనిని గుర్తుపట్టి పూర్తి చేస్తుంది, రెండోసారి కోయదు. కెమెరా బండి నంబరు తీసే చోట వచ్చిన సమయం రుజువవుతుంది కాబట్టి ఫిర్యాదులో నంబరు, సమయం రెండూ రాయండి. కార్డు పగలే ఎక్కడో పోగొట్టుకున్నవాళ్లకూ ఇదే ఆధారం.

అన్నీ బాగానే ఉన్నా చోటు దొరకదు

ఇది రీడర్ జబ్బు కాదు, రేటు జబ్బు. రోజంతా ఒకే రేటు, అదీ మరీ తక్కువ అయితే తెల్లవారుజామున వచ్చినవాళ్లతోనే నిండిపోతుంది. పార్కింగ్ ధరల మీద జీవితమంతా పనిచేసిన డొనాల్డ్ షూప్, వీధి పార్కింగ్‌లో ప్రతి వరసలో ఒకటి రెండు చోట్లు ఎప్పుడూ ఖాళీగా మిగిలేలా ధర ఉండాలనేవారు. స్టేషన్‌లోనూ ఆ కొలత పనికొస్తుంది. కార్డు రికార్డుల్లో ఏ గంటకు ఎన్ని బండ్లు వచ్చాయో ఉంటుంది కాబట్టి ఊహించి రేటు పెట్టాల్సిన అవసరం లేదు.

ఎప్పుడో ఒకసారి వచ్చేవాళ్లను మాత్రం మరచిపోకూడదు. వాషింగ్టన్ మెట్రో 2004లో పార్కింగ్ నుంచి నగదు తీసేసి స్మార్‌ట్రిప్ కార్డు తప్పనిసరి చేసింది. అలాంటి చోట కార్డు లేనివాళ్లకు గేటు బయటే, బండి దిగి నడిచి వెళ్లగలిగే దూరంలో, కార్డు అమ్మే యంత్రం ఉండాలి. గేటు లోపల పెడితే ఆ మనిషి వెనక్కి తిరగలేడు, ముందుకూ పోలేడు.