ఇంట్లోనే తాయ్ చీ – 3వ పాఠం: ఖాళీ కాలు, నిండు కాలు

తాయ్ చీ అంటే మెల్లగా, ఆగకుండా కదులుతూ చేసే చైనా వ్యాయామం. దాన్ని వీడియోలు చూస్తూ ఇంట్లోనే నేర్చుకుంటున్నాం. మొదటి పాఠంలో నిలబడటం నేర్చుకున్నాం. రెండో పాఠంలో రెండు చేతులూ భుజాల ఎత్తుకు లేపి మెల్లగా దించడం చేశాం. ఈ వారం చేతులకు పని లేదు. వాటిని నడుం మీద పెట్టుకుని ఉంచండి. పనంతా కాళ్ళదే.

ఇలా చెప్పడానికి కారణం ఉంది. వీడియో పెట్టగానే మన చూపు చేతుల మీదకే పోతుంది. మేఘాల్లా కదిలే ఆ చేతులు అంత అందంగా ఉంటాయి. కానీ అసలు పని నడుం కింద జరుగుతుంది. చేతులు చూసి నేర్చుకున్నవాళ్ళకు నెల తిరిగేసరికి కదలికలన్నీ నోటికి వచ్చేస్తాయి, ఒంట్లోకి మాత్రం రావు. ఒంటికాలి మీద నిలబడాల్సిన చోట తూలుతారు. అందుకే ఒక చిన్న ఏర్పాటు చెబుతాను. ఫోన్‌ను నిలువుగా పెట్టి, తెరమీద గురువుగారి నడుం పైభాగం కనపడకుండా ఒక కాగితం ముక్క అడ్డం పెట్టండి. రెండు రోజులపాటు కాళ్ళు మాత్రమే చూడండి. అంతకుముందు చూసిన వీడియోయే కొత్తగా కనిపిస్తుంది.

మనం నేర్చుకుంటున్నది 24 కదలికల వరస. యాంగ్ కుటుంబం నుంచి వచ్చిన తాయ్ చీ పద్ధతిలోని పెద్ద వరసను కుదించి, 1956లో చైనా క్రీడా శాఖ మామూలు జనం కోసం తయారు చేయించింది. మొదలుపెట్టి ముగించడానికి ఐదారు నిమిషాలు పడుతుంది. వీడియోల్లో ఎక్కువగా దొరికేది ఇదే. వాటిలో వెనకనుంచి తీసినది ఎంచుకోమని మొదటి పాఠంలోనే చెప్పాను. గురువు మనకు ఎదురుగా ఉంటే ఆయన ఎడమ మన కుడివైపు వస్తుంది, బుర్ర తికమకపడుతుంది. కొన్ని వీడియోలను కుడిఎడమలు తిప్పేసి కూడా పెడతారు. దాన్ని పట్టుకోవడం సులువు. ఈ వరసలో మొట్టమొదట పక్కకు జరిగేది ఎడమ కాలు. వెనకనుంచి తీసిన వీడియోలో కుడి కాలు జరిగినట్టు కనిపిస్తే బొమ్మ తిరగబడిందన్నమాట. దాన్ని వదిలేసి ఇంకొకటి వెతుక్కోండి.

ఇక అడుగు సంగతి.

సార్వా ఊడ్పుల రోజుల్లో, వాన వెలిసిన పొద్దున, నారు కట్టల కావిడితో గట్టు మీద నడిచే మనిషిని చూడండి. ఆయన అడుగు వేసీ వేయగానే దాని మీద వాలిపోడు. ముందు కాలు పెడతాడు. గట్టు జారుతుందో, కుంగుతుందో పాదంతోనే తెలుసుకుంటాడు. నమ్మకం కుదిరాకే బరువు ముందుకు పంపుతాడు. అప్పటిదాకా ఒళ్ళంతా వెనక కాలి మీదే ఉంటుంది. తాయ్ చీ నడకలో ఉన్నది సరిగ్గా ఇదే. ఆ యాంగ్ కుటుంబపు గురువు యాంగ్ చెంగ్‌ఫు చెప్పిన పది ముఖ్య సూత్రాల్లో శూన్యాన్నీ పూర్ణాన్నీ వేరు చేయమనేది ఒకటి. నేను దాన్ని ఖాళీ కాలు, నిండు కాలు అంటాను. బరువు మోసేది నిండు కాలు, మోయనిది ఖాళీ కాలు. ఏ క్షణాన ఏది నిండో, ఏది ఖాళీయో మీకు తెలుస్తూ ఉండాలి.

భుజాలంత ఎడంగా పాదాలు పెట్టి నిలబడండి. కుర్చీలో కూర్చోబోయి మధ్యలో ఆగినట్టు మోకాళ్ళు కొంచెం వంచండి. కొంచెమే, ఎక్కువ వద్దు. బరువంతా మెల్లగా కుడి కాలి మీదకు పోనివ్వండి. బిందెలో నీళ్ళు ఇంకో బిందెలోకి ఒంపినట్టు, ఒక్కసారి కుమ్మరించకుండా. ఇప్పుడు ఎడమ మడమ లేపండి. పైన ఒళ్ళు ఏమాత్రం కదలకుండా లేచిందా? అయితే ఎడమ కాలు నిజంగా ఖాళీ అయింది. లేపే ముందు ఒళ్ళు కుడివైపు కాస్త ఊగిందంటే ఇంకా కొంత బరువు ఎడమ కాలి మీదే మిగిలి ఉంది.

ఖాళీ అయిన ఎడమ కాలిని ముందుకు చాపి మడమ ఆనించండి. వేళ్ళు పైకే ఉండాలి. ఇక్కడ ఆగి, ఆ కాలిని మళ్ళీ వెనక్కి తీసుకోండి. ఒళ్ళు కుదుపు లేకుండా తీసుకోగలిగితే అడుగు సరిగ్గా పడింది. తీసుకోలేకపోతే మీరు అడుగు వేయలేదు, ముందుకు పడ్డారు. అప్పుడు అడుగు చిన్నది చేసుకోండి. ఈ వేసి తీసే పనిని ఒక్కో కాలితో పదేసి సార్లు చేయండి. ఈ పాఠం మొత్తంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే.

ఒక్క విషయంలో మాత్రం గట్టు పోలిక పనికిరాదు. గట్టు మీద పాదాలు ఒకే గీతలో పడతాయి. ఇక్కడ అలా పడకూడదు. రెండు పాదాల మధ్య, పక్కలకు, జానెడు ఎడం ఎప్పుడూ ఉండాలి. ఆ ఎడం లేకపోతే ఎంత జాగ్రత్తగా వేసినా తూలుతారు.

మడమ ఆనాక వేళ్ళు దించి, పాదమంతా నేలకు ఆన్చి, వెనక కాలితో నేలను నెడుతూ బరువు ముందుకు పంపండి. పదింట ఏడు వంతులు ముందు కాలికి చేరగానే ఆగాలి. మోకాలు కాలివేళ్ళ వైపే చూడాలి, వేళ్ళను దాటి ముందుకు పోకూడదు. లోపలికి ఒరగకూడదు. వెనక కాలు చాపి ఉన్నా బిగుసుకుపోకూడదు.

తర్వాతి అడుగు వేయడానికి ముందు కాలి వేళ్ళు కొంచెం బయటికి తిప్పాలి. దయచేసి ఇక్కడ తొందరపడకండి. నేను దెబ్బతిన్నది ఇక్కడే. మొదట్లో నేను చూసిన వీడియోలో గురువుగారు వదులు పట్టు పైజామా వేసుకున్నారు. ఆయన బరువును వెనక్కి తీసుకుని, ముందు కాలిని ఖాళీ చేసుకుని, అప్పుడు వేళ్ళు తిప్పుతున్నారు. ఆ వెనక్కి తీసుకోవడం పైజామా మడతల్లో నాకు కనపడలేదు. బరువు మోస్తున్న పాదాన్నే టైల్స్ మీద తిప్పుతూ రెండు వారాలు సాధన చేశాను. పాదం తిరిగేది, మోకాలు తిరిగేది కాదు. మూడు వారాలు మెట్లు ఎక్కలేకపోయాను. కాబట్టి బరువు వెనక్కి, వేళ్ళు పైకి, తిప్పు, దించు, మళ్ళీ బరువు ముందుకు. ఈ వరస తప్పించవద్దు. తిప్పే పాదం ఎప్పుడూ ఖాళీ పాదమే కావాలి.

మా పక్కింటామె ముప్పై ఏళ్ళు ఊడ్పులకు వెళ్ళిన మనిషి. మా అరుగు మీద కూర్చుని నా నడక చూసి, "ఇదేం కొత్తండీ మేష్టారూ! దమ్ము చేలో కాలు తీసి కాలు ఎయ్యడమే కదండీ. కాకపోతే మేం ఎనక్కి నడుత్తాం, మీరు ముందుకు నడుత్తన్నారు" అంది. లేచి చేసి చూపించింది కూడా. కాలివేళ్ళు ముందు ఆనించి, తర్వాత మడమ దించి, ఆ తర్వాతే బరువు వెనక్కి. ఈ 24లో ఆరోది, కోతిని వెనక్కి తోలే కదలిక, కాళ్ళ వరకూ అచ్చంగా అదే. ఆ పాఠం వచ్చినప్పుడు ఆమె అడుగును గుర్తు చేస్తాను.

బరువు మార్చడం ఇంత పట్టింపుగా నేర్పడం వల్ల ఫలితం ఉందా అంటే, ఉంది. అమెరికాలోని ఒరెగాన్‌లో 195 మంది పార్కిన్సన్స్ (ఒళ్ళు వణికే, బిగుసుకుపోయే నరాల జబ్బు) రోగుల మీద జరిగిన పరిశోధన 2012లో వచ్చింది. వారానికి రెండుసార్లు చొప్పున 24 వారాలు తాయ్ చీ చేసినవాళ్ళకు నిలకడ బాగుపడింది. ఒళ్ళు సాగదీసే వ్యాయామం చేసినవాళ్ళకన్నా వాళ్ళు తక్కువసార్లు పడ్డారు. ఇంట్లో పెద్దవాళ్ళకు నేర్పేటప్పుడు నేను ఈ సంగతి చెప్పి, కిటికీ ఊచలు పట్టుకునే మొదలుపెట్టమంటాను. వాళ్ళు అడుగు వేయక్కర్లేదు. బరువు అటూ ఇటూ ఒంపితే ఈ వారానికి చాలు. మోకాలి ఆపరేషన్ అయినవాళ్ళు, కళ్ళు తిరిగే జబ్బు ఉన్నవాళ్ళు ముందు డాక్టర్‌ని అడగండి.

వానాకాలంలో మన ఇళ్ళల్లో నేల చెమ్మగిల్లుతుంది. గచ్చు అయినా టైల్స్ అయినా పొడిగుడ్డతో తుడిచాకే మొదలుపెట్టండి. చాప వేసుకోవద్దు, కాలి కింద జరుగుతుంది. మేజోళ్ళు అసలే వద్దు. ఉత్త కాళ్ళు మంచివి. ఎండ ఎక్కకముందు, ఆరులోపు అయితే ఉక్కపోత తక్కువ.

వీడియోతో పాటు చేయడం ఇంకా వద్దు. అడుగు ఉన్న ముప్పై సెకన్ల ముక్కను సగం వేగంలో కూర్చుని చూడండి. ఫోన్ పక్కన పెట్టేసి, మీ వేగంతో ఐదు నిమిషాలు నడవండి. మళ్ళీ చూడండి, మళ్ళీ నడవండి. సగం వేగం చూడటానికే. దానితో సమానంగా చేయబోతే ఒంటికాలి మీద అవసరానికి మించి నిలబడిపోతారు. తలుపు నుంచి ఎదురు గోడ దాకా ఆరడుగులు పడితే సరిపోతుంది. మొదటి రెండు మూడు రోజులు తొడలు వణుకుతాయి, దానికి కంగారుపడకండి. మోకాలిలో నొప్పి మాత్రం వస్తే ఆపేసి, ఈసారి మోకాళ్ళు తక్కువ వంచి చూడండి.

ఏడో రోజున ఫోన్‌ను ఒక పీట మీద, మోకాలి ఎత్తులో, పక్కనుంచి కనిపించేలా పెట్టి మీ నడకను రికార్డ్ చేసుకోండి. రెండు చోట్ల ఆపి చూడండి. మడమ ఆనిన క్షణంలో నడుం ఇంకా వెనక కాలి మీదే ఉందా? వేళ్ళు తిరిగే క్షణంలో ఆ కాలు ఖాళీగా ఉందా? రెండూ ఉంటే నాలుగో పాఠానికి రండి, 'అడవి గుర్రం జూలు పాయలు తీయడం' అనే కదలిక కోసం ఈ అడుగుకు చేతులు కలుపుదాం. ఒక్కటి లేకపోయినా ఇంకో వారం ఇక్కడే ఉండండి.